మోటారు సైకిలు మీద చలి

అకాలంలో ముసురు పట్టి, చలిగాలి వీస్తున్న రోజున మోటారు సైకిలు మీద ముప్పై, నలభై కిలోమీటర్లు ప్రయాణం చేసి ఇల్లు చేరినవానిని చూడండి. పెదవులు నల్లబడి ఉంటాయి. వేళ్లు కొంకర్లు పోయి చొక్కా గుండీ విప్పడానికి కూడా లొంగవు. వసారాలో వేలాడుతున్న ఉష్ణమాపకం మాత్రం 20 డిగ్రీలే చూపుతూ ఉంటుంది. అదే 20 డిగ్రీలలో ఇంటిలోనివారు దుప్పటి అయినా కప్పుకోకుండా కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఉష్ణమాపకం అబద్ధమాడదు. మరి అతనిని వణికిస్తున్నది ఏమిటి? దీనికి అంకెలతో కూడిన సమాధానం లభించడానికి, మోటారు సైకిలు పుట్టిన తరువాత అరవై సంవత్సరాలు పట్టినది. అదీ రోడ్డు మీద కాదు, అంటార్కిటికా మంచులో!

1885లో జర్మనీలో గాట్‌లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ అనే ఇంజనీర్లు కొయ్య చట్రానికి పెట్రోలు ఇంజను బిగించి ఒక బండి తయారు చేశారు. అది గంటకు పది, పన్నెండు కిలోమీటర్లకు మించి పోలేదు. దాని మీద కూర్చున్నవానికి గాలి ఒక సమస్యే కాదు. ఇంజను బలం పెరిగి వేగం హెచ్చిన కొద్దీ ఒక కొత్త రకం ప్రయాణికుడు తయారయ్యాడు. రైలులో పోయేవాడు గోడల మధ్య ఉంటాడు. గుర్రపు రౌతుకు కింద నుండి గుర్రపు వేడి తగులుతుంది. కాళ్లు చేతులు ఆడుతూ ఉంటాయి కనుక తన వేడి తనకూ పుడుతుంది. సైకిలు తొక్కేవాడు చెమటోడుస్తాడు. మోటారు సైకిలువాడు మాత్రం కదలకుండా కూర్చుని, తన గాలిని తానే పుట్టించుకుంటాడు. ఆకు కదలని రోజున కూడా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయేవానికి ఎదురుగాలి 60 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది.

ఈ ఇబ్బందిని శాస్త్రజ్ఞులకంటే ముందు బట్టలు కుట్టేవారు పట్టించుకున్నారు. 1823లో చార్లెస్ మాకింతోష్ గ్లాస్గోలో రబ్బరును నాఫ్తాలో కరిగించి, రెండు పొరల గుడ్డ మధ్య పూసి, నీరు చొరని కోటుకు పేటెంటు పొందాడు. ఆ కోటు ఎండకు జిగురు కారేది. చలికి అట్టలా బిగిసిపోయేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడి చేసే పద్ధతిని కనుగొన్న తరువాతనే ఈ లోపం తీరినది. అయినా ఇంకొక చిక్కు మిగిలే ఉన్నది. వాన లోపలికి రానట్లే చెమట బయటికి పోదు. పైన పొడిగా ఉన్నా లోపల తడిసేవారు.

నావికుల మార్గం వేరు. స్కాట్లండు తీరంలో తెరచాపలకు అవిసె నూనె పట్టించేవారు. పాతబడిన చాపలతో నావికులు తమకు అంగీలు కుట్టుకునేవారు. అవిసె నూనె కాలక్రమాన పసుపుపచ్చగా మారి, చలికి గట్టిపడి మడతల వద్ద పగిలేది. 1930 తరువాత నూనెకు బదులు పారఫిన్ మైనం పట్టించిన దట్టమైన నూలు గుడ్డ వాడుకలోకి వచ్చినది. మనవారికి మైనపు గుడ్డ కొత్త కాదు. అక్కడివారు దానిని మెత్తగా, మడత పెట్టుకోవడానికి వీలుగా చేశారు. ఇంగ్లండులోని కార్లైల్ పట్టణంలో 1913లో ఆరు రోజుల అంతర్జాతీయ మోటారు సైకిలు పరీక్ష ప్రారంభమైనది. బురదలో, కొండదారులలో, ఏ వాతావరణమైనా సరే నడపవలసిన పోటీ అది. సౌత్ షీల్డ్స్ రేవులో నావికులకు బట్టలు అమ్మిన బార్బర్ సంస్థ 1936లో ఈ పోటీదారుల కోసమే ఒక మైనపు గుడ్డ దుస్తు తయారు చేసినది. పడవ మీది అంగీ ఆ విధంగా మోటారు సైకిలు ఎక్కినది. చలి ఎంత అని ఎవరూ కొలవకుండానే ఇంత పని జరిగినదని గమనించవలెను.

కొలిచినవాడు పాల్ సైపుల్. 1928లో అమెరికా అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ అంటార్కిటికాకు బయలుదేరుతూ ఒక బాయ్ స్కౌటును వెంట తీసుకుపోయాడు. ఆ కుర్రవాడే సైపుల్. తరువాత అతడు ఆ చలినే పరిశోధన విషయంగా తీసుకుని డాక్టరేటు పొందాడు. గాలి వలన హెచ్చే చలికి ఇంగ్లీషులో నేడు వాడే మాట అతడు పెట్టినదే. 1941 చలికాలంలో అతడూ చార్లెస్ పాసెలూ అంటార్కిటికా శిబిరంలో చేసిన ప్రయోగం, మన హైస్కూలు విద్యార్థికి కూడా పూర్తిగా అర్థమయ్యేంత సులభమైనది. ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టంలో 250 గ్రాముల నీరు పోసి ఆరుబయట గాలిలో ఉంచారు. ఆ నీరు పూర్తిగా గడ్డకట్టడానికి ఎంతసేపు పట్టినదో, అప్పుడు గాలి వేగమూ ఉష్ణోగ్రతా ఎంతో రాసుకున్నారు. ఒక గ్రాము నీరు మంచుగా మారేటప్పుడు 80 కేలరీల గుప్తోష్ణం విడుస్తుందని మీరు చదువుకున్నారు కదా! 250 గ్రాములకు 20,000 కేలరీలు. దానిని కాలంతో భాగిస్తే గాలి ఎంత త్వరగా వేడిని లాగుకుపోతున్నదో తెలుస్తుంది. ఈ ఫలితాలు 1945లో అచ్చయినవి.

పద్ధతి ఎంత సులభమో, దానిలోని లోపాలూ అంత స్పష్టమైనవి. గొట్టం మనిషి కాదు. దానిలో వేడి పుట్టదు. ప్లాస్టిక్ గోడ అడ్డును వారు లెక్కలోకి తీసుకోలేదు. అన్నిటికంటే వింత అయినది వారి సూత్రం. దాని ప్రకారం గాలి వేగం సెకనుకు 25 మీటర్లు, అనగా గంటకు 90 కిలోమీటర్లు దాటితే చలి తగ్గడం మొదలవుతుంది! మోటారు సైకిలువాడు వేగం పెంచి చలి తప్పించుకోవచ్చునన్నమాట. అంత వేగం గల గాలిలో వారు కొలతలు తీసుకోలేదు. తమ కొలతలకు సరిపోయిన గీతను ముందుకు పొడిగిస్తే అది కిందికి వంగినది. కొలతలు లేని చోటికి సూత్రాన్ని లాగరాదని పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. అయినా ఆ సూత్రం యాభై ఏళ్లకు పైగా చలామణీలో ఉన్నది. 2001లో అమెరికా, కెనడా దేశాలు దానిని మార్చాయి. టొరంటోలో ఆరుగురు పురుషులను, ఆరుగురు స్త్రీలను గాలి సొరంగంలో నడిపించి, ముఖంపై ఉష్ణోగ్రత కొలిచి పట్టికను సరిదిద్దారు. కొత్త సూత్రంలోని గాలి వేగం నేలకు పది మీటర్ల ఎత్తున కొలిచేది. ముఖానికి తగిలేది దానిలో మూడింట రెండు వంతులని భావిస్తారు. 60 కిలోమీటర్ల వేగంతో పోయేవానికి ఆ 60 ముఖానికే తగులుతుంది గనుక పట్టికలో 90 కింద చూడవలెను. అలా చూస్తే గాలి 10 డిగ్రీలున్నప్పుడు అతని ముఖానికి 4 డిగ్రీలలాగ, 0 డిగ్రీలున్నప్పుడు సుమారు -10 డిగ్రీలలాగ ఉంటుంది.

ఇదంతా పొడి చలి సంగతి. తడి సంగతి ఇంకొక విధంగా బయటపడినది. 1964 మార్చిలో ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండలలో స్కౌటు యువకుల నడక పోటీ జరిగినది. దూరం సుమారు 45 మైళ్లు. ఆనాడు వాన, ఈదురుగాలి. నీరు గడ్డకట్టే చలి కాకపోయినా, ఆరోగ్యవంతులైన ముగ్గురు యువకులు చలికి మరణించారు. 1953 ఎవరెస్టు దండయాత్రలో శరీరధర్మ శాస్త్రవేత్తగా పాల్గొన్న గ్రిఫిత్ ప్యూ ఈ మరణాలను పరిశోధించాడు. అటువంటి బట్టలనే ప్రయోగశాలలో తడిపి, గాలి విసిరి చూశాడు. బట్ట మనలను కాపాడేది నూలుపోగుల వలన కాదు, వాటి నడుమ నిలిచి ఉన్న గాలి వలన. ఆ సందులలో నీరు చేరినది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు హెచ్చుగా వేడిని ప్రసరింపజేస్తుంది. తడిసి గాలికి గురి అయిన బట్ట పొడిగా ఉన్నప్పుడు ఇచ్చిన రక్షణలో అతి స్వల్ప భాగమే ఇవ్వగలిగినది. నడిచేవాడు నడిచినంతసేపు వేడి పుట్టించుకుంటాడు. అలసి నిలిచినప్పుడే ప్రమాదం. మోటారు సైకిలువాడు మొదటి నుంచీ నిలిచినవాడే.

ఇక మన ప్రాంతానికి రండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ వంటి తుఫాను సమయాన తడిసిన చొక్కాతో బండి నడిపేవానిని తీసుకోండి. గాలిలో తేమ నిండి ఉన్నది గనుక చొక్కా ఆరదని కొందరు అనుకుంటారు. అది సరికాదు. 20 డిగ్రీల గాలిలో నిండుగా ఉన్న నీటి ఆవిరి పీడనం సుమారు 17.5 మిల్లీమీటర్లు, 30 డిగ్రీల చర్మం మీద తడికి అది సుమారు 32. కనుక నీరు ఆవిరి అవుతూనే ఉంటుంది. గ్రాము నీటికి సుమారు 580 కేలరీల చొప్పున, 200 గ్రాములు ఆవిరి కావడానికి 116 కిలో కేలరీలు కావాలి. కదలక కూర్చున్న మనిషి గంటకు పుట్టించే వేడి సుమారు 90. ఆవిరికి కావలసిన వేడిలో కొంత గాలి నుంచే వచ్చినా, మిగిలినది ఇచ్చుకోవలసినది ఒళ్లే.

మొదట దెబ్బ తినేవి చేతులు. లోపలి అవయవాలను కాపాడడానికి శరీరం చేతులకు పోయే రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. చేతి చర్మం 15 డిగ్రీలకు దిగితే వేళ్ల నేర్పు తగ్గుతుంది. ఇంకా దిగితే స్పర్శ పోతుంది. ముందు బ్రేకు చేతివేళ్లదే కదా! 60 కిలోమీటర్ల వేగంలో అర సెకను ఆలస్యమంటే బండి ఎనిమిది మీటర్లు ముందుకు పోతుంది, అదీ తడి రోడ్డు మీద. 37 డిగ్రీల లోపలి ఉష్ణోగ్రత 35కు దిగితే వేళ్లతోపాటు బుద్ధి కూడా మందగిస్తుంది. మందగించినదని తెలుసుకోవలసినదీ ఆ బుద్ధే.

మనవారు చొక్కా లోపల రొమ్ముకు అడ్డంగా వార్తాపత్రిక మడిచి పెట్టుకోవడం పల్లెటూరి చేష్ట అని నవ్వేవారున్నారు. అది శాస్త్రానికి సరిపోయిన పని. కాగితం గాలిని ఆపుతుంది, పొరల నడుమ గాలిని నిలుపుతుంది. తడిస్తే మాత్రం దాని గుణమూ చొక్కా గుణమే అవుతుంది గనుక దాని మీద నీరు చొరని పొర ఒకటి కావాలి. 2001 నాటి పట్టికలో అతనికి చోటు లేదు. అది 10 డిగ్రీలకు పైన లెక్క చెప్పదు. తడిని అసలే పట్టించుకోదు.