ఎర్రచందనం: విస్తరణ, పెరుగుదల

టెరోకార్పస్ శాంటలినస్ అనే శాస్త్రీయ నామం గల ఎర్రచందనం తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే సహజంగా పెరుగుతుంది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు దీని పుట్టిళ్లు. రాతి గుట్టల మీద, పలుచని గరప నేలలో, మండే ఎండలో బతకడం దీనికి అలవాటు. నీరు నిలిచే చోట మాత్రం బతకదు. మంచి నేలలో నీళ్లు పెట్టి పెంచితే మాను త్వరగా లావెక్కుతుంది. ధర పలికే ఎర్రని చేవ పట్టడానికి మాత్రం ఏళ్లూ పూళ్లూ కావాలి. తోట వేసేవారు తరచూ మరిచిపోయే సంగతి ఇది.

చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయను గాలి మోసుకుపోతుంది. పెంకు గట్టిది కావడంతో మొలకెత్తేవి తక్కువ. మొలిచినవాటిలో చాలా భాగం వేసవి కార్చిచ్చుకు, పశువుల మేతకు పోతాయి. అయినా మొండి చెట్టు, నరికిన మోడు నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ గొడ్డలిదే. స్మగ్లర్లు చేవ దేరిన పెద్ద మానులనే ఏరి కొట్టడంతో విత్తనమిచ్చే చెట్లు పలచబడ్డాయి. జపాన్‌లో షామిసెన్ వాద్యాల తయారీకి ఈ కలపంటే మోజు. 1995 నుంచి ఈ చెట్టు అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైటీస్ రెండో అనుబంధంలో ఉంది.