వాక్చౌర్యం: రాజశేఖరుడి నుండి ఆరు శాతం దాకా

గత సంవత్సరం పరీక్షలకు ముందు ఒక ఎం.ఏ. విద్యార్థిని తన పరిశోధనా వ్యాసాన్ని తెచ్చి నా బల్లమీద పెట్టింది. దానికి సాఫ్టువేరు ఇచ్చిన నివేదికను కూడా జతచేసింది. సారూప్యం ఆరు శాతం అని అందులో ఉంది. పది శాతం లోపు ఉంటే ఏ చర్యా ఉండదు కనుక ఆ అమ్మాయి నిశ్చింతగా ఉంది. నాకు మాత్రం రెండవ పుట దాటకముందే మనసు కలుక్కుమంది. ఆ వాదన నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక పాత పత్రికలో చదివినదే. ఏ ఉదాహరణ తరువాత ఏ ఉదాహరణ రావాలి, చివరకు ఏ నిర్ణయానికి చేరాలి అన్న వరుస యథాతథంగా ఉంది. మాటలు మాత్రం మారాయి. "కవి హృదయం" ఉన్నచోట "రచయిత అంతరంగం" వచ్చి కూర్చుంది.

పిలిచి అడిగాను. "ఆరు శాతమే కదండీ వచ్చింది సార్?" అంది. ఆ ప్రశ్నలో పొగరు లేదు, నిజమైన సందేహమే ఉంది. వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. అందుకు నా సొంత కారణం ఒకటి ఉంది, దానిని చివర చెబుతాను. ఆ సమాధానాన్ని వెతుక్కుంటూ నేను చదివిన సంగతులను ముందుగా మీ ముందుంచుతాను.

ఇంగ్లీషులో ఈ నేరానికి వాడే 'ప్లేజియరిజం' అన్న మాట లాటిన్ నుండి వచ్చింది. 'ప్లేజియారియస్' అంటే ఇతరుల బానిసలను, స్వతంత్రులైన మనుషులను ఎత్తుకుపోయేవాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు రోమన్ కవి మార్షల్, తన పద్యాలను తనవిగా చదువుకుంటున్న మరొక కవిని ఆ మాటతో తిట్టాడు. మన దేశంలో ఏడవ శతాబ్దానికి చెందిన బాణుడు హర్షచరిత ఆరంభంలోనే ఈ ప్రస్తావన తెచ్చాడు. అక్షరాలను అటూ ఇటూ మార్చి, గుర్తులు దాచిపెట్టే కవి సజ్జనుల కంటికి దొంగగా పట్టుబడతాడని అతని అభిప్రాయం. అయితే తిట్టడం వేరు, విషయాన్ని పాఠంగా చెప్పడం వేరు. ఆ రెండవ పనికి పూనుకున్నవాడు రాజశేఖరుడు.

రాజశేఖరుడు కన్యాకుబ్జాన్ని ఏలిన ప్రతీహార రాజుల ఆస్థానంలో, తొమ్మిదవ శతాబ్దం చివర, పదవ శతాబ్దం మొదట ఉన్నవాడు. అతని కావ్యమీమాంసలో మనకు దక్కినది 'కవిరహస్యం' అన్న మొదటి అధికరణం మాత్రమే. అది 18 అధ్యాయాలు. బరోడా నుండి 1916లో గైక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో మొట్టమొదటి పుస్తకంగా అచ్చయింది. అది ప్రధానంగా కవి కాదలచినవాడికి పాఠ్యగ్రంథం. కవి దినచర్య ఎలా ఉండాలో, పగటిని ఏ పనికి ఎలా పంచుకోవాలో కూడా అందులో ఉంది. అటువంటి పాఠ్యగ్రంథంలో 11, 12, 13 అధ్యాయాలు మూడూ 'హరణం' గురించినవి. అంటే ఇతరుల రచన నుండి తీసుకోవడాన్ని గురించినవి.

అక్కడ మొదట వచ్చే చర్చే నన్ను ఆపేసింది. అసలు ఈ విషయాన్ని విద్యార్థికి నేర్పవచ్చునా అన్నది ఆ చర్చ. నేర్పరాదు అనేవారి వాదన ప్రకారం మనిషి చేసిన ఇతర దొంగతనాలను కాలం చెరిపేస్తుంది, మాటల దొంగతనం మచ్చ మాత్రం కొడుకులను, మనుమలను కూడా వదలదు. దీనికి ఎదురుగా వినిపించేది అవంతిసుందరి అభిప్రాయం. ఆమె రాజశేఖరుడి భార్య, స్వయంగా పండితురాలు. అతడు పేరు లేనివాడు, నేను పేరున్నవాడిని. అతని మాట తిప్పతీగ, నా మాట ద్రాక్ష. ఇటువంటి కారణాలు ఎన్నో ఉండగా తీసుకోవచ్చునని ఆమె అంటుంది. చదివి మొదట నవ్వుకున్నాను. తరువాత ఆలోచిస్తే, నేటికీ ఈ పని చేసేవారు తమకు తాము చెప్పుకొనే కారణాలు ఇంచుమించు ఇవేనని తోచింది.

రాజశేఖరుడు తీర్పు చెప్పి ఊరుకోడు, వర్గీకరిస్తాడు. శబ్దహరణం ఐదు విధాలు: ఒక మాట, ఒక పాదం, సగం పద్యం, ఛందోరూపం, మొత్తం ప్రబంధం. అర్థహరణానికి నాలుగు మెట్లు. భావమంతా అదే ఉండి వాక్యరచన మాత్రమే మారితే 'ప్రతిబింబకల్పం'. కొంత సంస్కారం చేసి వేరుగా కనిపించేలా చేస్తే 'ఆలేఖ్యప్రఖ్యం', అంటే చిత్తరువు వంటిది. విషయం వేరైనా పోలిక వల్ల ఒకటే అనిపిస్తే 'తుల్యదేహితుల్యం'. మూలం ఒకటే అయినా నిర్వహణ పూర్తిగా వేరైతే 'పరపురప్రవేశసదృశం'. వీటిలో మొదటి మూడింటినీ అంతకు ముందే కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం నాలుగవ ఉద్ద్యోతంలో చెప్పాడు. ప్రతిబింబాన్నీ, చిత్తరువునూ విడిచిపెట్టమన్నాడు. పోలిక ఉన్న మరొక మనిషి మాత్రం మరొక మనిషే కదా, కనుక మూడవదానిని విడువనక్కరలేదన్నాడు.

పదకొండవ శతాబ్దంలో అదే కాశ్మీరానికి చెందిన క్షేమేంద్రుడు కవికంఠాభరణంలో ఇదే విషయాన్ని శిష్యుడి వైపు నుండి చూశాడు. ఛాయను మాత్రమే తీసుకునేవాడు, పదాన్ని తీసుకునేవాడు, పాదాన్ని తీసుకునేవాడు, మొత్తాన్ని తీసుకునేవాడు అంటూ మెట్లు కట్టాడు. ఆ వరుసలోనే లోకమంతటికీ ఉపజీవ్యుడైన కవిని కూడా చెప్పాడు. అనుకరణ అతనికి అభ్యాసంలో ఒక భాగం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినట్లే, ఎక్కడ ఆపాలో కూడా శిష్యుడికి తెలియాలి.

ఇక యంత్రాల సంగతి. 1976లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కార్ల్ ఒటెన్‌స్టైన్ విద్యార్థుల ఫోర్ట్రాన్ ప్రోగ్రాములను పోల్చే పద్ధతి ఒకటి చెప్పాడు. ప్రోగ్రాములోని క్రియాచిహ్నాలను, పదాంశాలను లెక్కపెట్టి, ఆ లెక్కలు సరిపోయిన జంటలను అనుమానించడం అందులోని కీలకం. 1994లో అలెక్స్ ఐకెన్ 'మాస్' అనే ఉపకరణాన్ని తయారుచేశాడు. దాని వెనుక ఉన్న పద్ధతిని 2003లో మరి ఇద్దరితో కలిసి ప్రచురించాడు. పాఠాన్ని ఒకే పొడవుగల చిన్న ముక్కలుగా తరిగి, ప్రతి ముక్కకూ ఒక సంఖ్య కట్టి, వాటిలో కొన్నింటిని వేలిముద్రలుగా దాచుకోవడం ఆ పద్ధతి. దానికి వారు పెట్టిన పేరుకు అర్థం 'తూర్పారబట్టడం'. మన కళ్ళంలో చేసే పనే! రెండు పాఠాల వేలిముద్రలు కలిస్తే దొంగ దొరికినట్లు. 1990ల చివరి నుండి వ్యాసాల కోసం కూడా ఇటువంటి వ్యాపార సేవలు వచ్చాయి.

మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు చేసింది. సారూప్యం 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుండి 40 దాకా ఉంటే ఆరు నెలలలోపు సరిదిద్ది ఇవ్వాలి. 40 నుండి 60 దాకా ఉంటే ఏడాదిపాటు మళ్ళీ సమర్పించరాదు. 60 దాటితే నమోదు రద్దు. ఉదాహరించి పేరు చెప్పినవి లెక్కలోకి రావు. ఇది చేయవలసిన పనే, కాదనను. కాని అది పట్టగలిగినది శబ్దహరణాన్ని మాత్రమే. ఆ అమ్మాయి వ్యాసం అచ్చమైన ప్రతిబింబకల్పం.

తెలుగుకు మరొక చిక్కు ఉంది, అది మీ అందరికీ అనుభవమే. ఎన్నో ఏళ్ళపాటు మన పుస్తకాలు, సిద్ధాంత వ్యాసాలు అను వంటి పాత ఫాంట్లలో టైపయ్యాయి. తెరమీద 'కవిత' అని కనిపించినా, లోపల ఉన్నవి రోమన్ అక్షరాల స్థానాలు. అదే మాట యూనికోడ్‌లో ఉంటే యంత్రానికి ఆ రెండూ సంబంధం లేని మాటలు. అచ్చులో మాత్రమే మిగిలిపోయిన పాత పత్రికలైతే దానికి అసలు లేనట్లే. మన పాత సాహిత్యాన్ని యూనికోడ్‌లోకి ఎక్కించడం చదువరుల కోసమే అనుకునేవాడిని. రాసినవారి పేరు నిలబెట్టడానికి కూడా అది అవసరమని ఇప్పుడు అర్థమవుతోంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక మాటలు మార్చే శ్రమ కూడా తప్పింది. దాన్ని తయారుచేసిన సంస్థే, యంత్రం రాసినదాన్ని గుర్తుపట్టే తన ఉపకరణాన్ని కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జూలైలో ఉపసంహరించుకుంది.

ఇప్పుడు నా కారణం చెప్పాలి. నేను పాతికేళ్ళుగా అలంకారశాస్త్రం పాఠం చెబుతున్న నోట్సు నాది కాదు. సగానికి పైగా మా గురువుగారిది. ఆయన ఇచ్చిన ఉదాహరణలనే ఆయన చెప్పిన వరుసలోనే చెప్పాను. పిల్లలు "భలే చెప్పారు సార్" అంటే తలవంచి స్వీకరించాను. ఒక్క తరగతిలోనైనా ఆయన పేరు ఎత్తలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఆ అమ్మాయి "ఆరు శాతమే కదండీ" అన్నప్పుడు నా గొంతు పెగలకపోవడానికి కారణం అదే.

మరునాడు ఆ అమ్మాయిని పిలిచి ముందు ఈ సంగతి చెప్పాను. తరువాత కావ్యమీమాంసలోని నాలుగు మెట్లనూ వివరించి, "నీ వ్యాసం దేనికిందికి వస్తుందో నువ్వే చెప్పమ్మా" అన్నాను. చాలాసేపు కాగితాల వైపు చూసి, "మొదటిదే సార్" అంది. వ్యాసం వెనక్కి ఇచ్చాను. పాత వ్యాసకర్త పేరు మొదటి పుటలోనే చెప్పి, ఆయన ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుండి మొదలుపెట్టమన్నాను. మూడు వారాల తరువాత తెచ్చింది. అంతకు ముందు ముప్పై పుటలున్నది పద్దెనిమిదికి తగ్గింది. అందులో ఒకచోట పాత వ్యాసకర్తతో విభేదించింది కూడా. పేరు చెప్పి ఉదాహరించినవాటిని కూడా లెక్కవేసిన ఆ సాఫ్టువేరు ఈసారి తొమ్మిది శాతం చూపించింది.

ఈ ఏడు అలంకారశాస్త్రం మొదటి తరగతిలో మా గురువుగారి పేరు నల్లబల్లమీద రాసి పాఠం మొదలుపెట్టాను.