నేలమీది నౌకాయుద్ధాలు

మన చిన్నతనంలో రామాలయం అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి, గులకరాళ్లు, చింతగింజలు పేర్చి పులిజూదం ఆడనివారు మనలో అరుదు. 3 పులులు, 15 మేకలు. పెద్దవాళ్లు చూస్తే "పనీపాటా లేని ఆటలు" అని కసిరేవారు. అటువంటి "పనీపాటా లేని ఆట" ఒకటి ఇంగ్లండులో కాలక్షేపంగా సాగుతూనే, యుద్ధ సమయంలో ఓడలను, నావికులను కాపాడడానికి ఎలా అక్కరకు వచ్చిందో మన సభ్యులకు తెలియజేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. అది చిట్టి యుద్ధనౌకల నమూనాలతో ఆడే నౌకాయుద్ధ క్రీడ.

ఫ్రెడ్ టి. జేన్ (1865–1916) ఒక మతాచార్యుని కుమారుడు. నౌకాదళ ఉద్యోగి కాదు; పత్రికలకు బొమ్మలు వేసి బతికే చిత్రకారుడు. బడి రోజుల నుంచీ యుద్ధనౌకల బొమ్మలు గీసి దాచుకోవడం ఆయనకు పిచ్చి. ఆ పిచ్చితోనే ఒక ఆట కల్పించి, 1898లో నియమాలు ప్రచురించాడు. ప్రతి ఓడకూ ఒక అట్టబొమ్మ, దాని మీద ఏ భాగంలో కవచం ఎంత మందమో గుర్తులు. ఆటగాడు మేకు దిగిన చెక్కబద్దతో ఆ బొమ్మ మీద కొట్టాలి. మేకు ఎక్కడ గుచ్చుకుంటే ఫిరంగి గుండు అక్కడ తగిలినట్లు. మేకు బద్దకు సరిగ్గా మధ్యలో ఉండేది కాదు కనుక గురి కుదరడం అంత సులువు కాదు.

ఈ ఆట ఆడాలంటే ప్రపంచంలోని యుద్ధనౌకల కొలతలు, వేగం, ఫిరంగులు, కవచం అన్నీ తెలియాలి. అందుకని జేన్ అదే 1898లో ఆ వివరాలన్నీ ఒక పుస్తకంగా తెచ్చాడు. ఆట క్రమంగా మరుగున పడింది గాని, దానికి తోడుగా పుట్టిన పుస్తకం "జేన్స్ ఫైటింగ్ షిప్స్" పేరుతో నేటికీ వెలువడుతూ నౌకాదళాలకు ప్రామాణిక గ్రంథమై నిలిచింది.

1930లలో అమెరికా రచయిత ఫ్లెచర్ ప్రాట్ న్యూయార్కులో తన ఇంట్లోనే మరో పద్ధతి మొదలుపెట్టాడు. మెత్తని బాల్సా కర్రతో, తీగలతో, గుండుసూదులతో ఓడలు చేశారు. అసలు ఓడలో 50 అడుగులకు నమూనాలో 1 అంగుళం. అంటే 600 అడుగుల ఓడ జానెడు దాటి 12 అంగుళాలు. ఇందులోనూ పాచికలు లేవు. ఆటగాళ్లు నేల మీద మోకరిల్లి, శత్రునౌక ఎన్ని అంగుళాల దూరంలో ఉందో కంటితోనే అంచనా కట్టి చీటీ రాయాలి. తరువాత మధ్యవర్తి టేపుతో కొలుస్తాడు. ఆడవారూ మగవారూ కలిసి ఆడేవారు. రానురాను జనం పెరిగి ఇల్లు చాలక పెద్ద హాలు చూసుకోవలసి వచ్చింది.

ఇంతవరకు వేడుక. ఇక అవసరం సంగతి. గిల్బర్ట్ రాబర్ట్స్ బ్రిటిష్ నౌకాదళ అధికారి. పోర్ట్స్‌మత్‌లోని యుద్ధవ్యూహ శిక్షణాలయంలో ఇటువంటి నేలమీది ఆటలు నేర్చినవాడు. 1938లో క్షయ సోకడంతో, నిండా నలభై రాకుండానే ఆయనను ఉద్యోగం నుంచి విరమింపజేశారు. అనుభవం అంతా ఉండి ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

1942 జనవరిలో ఆయనకు కబురు వచ్చింది. అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాములు తోడేళ్ల గుంపులా సరుకు ఓడల మీద పడుతున్నాయి. రాబర్ట్స్ లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్ పై అంతస్తులో నేలనే సముద్రం చేశాడు. చిన్న ఓడలు పెట్టి, సుద్దతో దారులు గీయించాడు. కావలి ఓడల అధికారులు తెరల వెనుక నిలబడి, చిన్న సందులోంచి మాత్రమే చూడాలి. జలాంతర్గామి దారి వారికి కనిపించదు. ఆట నడిపినవారిలో ఎక్కువమంది నౌకాదళ మహిళా విభాగానికి చెందిన యువతులు.

ఆడి చూడగా గుట్టు బయటపడింది. జలాంతర్గామి బయటినుంచి కాదు, రాత్రిపూట వెనుకనుంచి ఓడల వరుసల మధ్యకే దూరి కొడుతోంది! తరువాత మునిగి, ఓడలన్నీ ముందుకు సాగిపోయేదాకా కిందనే నక్కుతోంది. అందుకని కావలి ఓడలు దూరంగా పరుగెత్తక, ఓడల గుంపు వెనుకభాగాన్ని గాలించాలని తేల్చారు. ఈ ఎత్తుకు "రాస్ప్‌బెరీ" అని పేరు పెట్టినది జీన్ లెయిడ్లా అనే యువతి. నాలుక బయటపెట్టి చేసే వెక్కిరింత శబ్దానికి ఇంగ్లీషులో అది పేరు. స్వయంగా జలాంతర్గాములు నడిపిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ ఆ నేల మీద ఆడి, ఒక యువతి చేతిలో ఐదుసార్లు ఓడారని చెబుతారు. 1945లో యుద్ధం ముగిసేనాటికి దాదాపు 5,000 మంది అధికారులు అక్కడ శిక్షణ పొందారు.

యుద్ధానంతరం ఈ ఆట తిరిగి వేడుకే అయింది. 1:1200 నిష్పత్తిలో 600 అడుగుల ఓడ 6 అంగుళాలకు, 1:3000లో రెండున్నర అంగుళాల లోపుకు దిగింది. భోజనాల బల్లే చాలు సముద్రానికి.

మిత్రులారా, రాబర్ట్స్‌కు విరమణ వచ్చింది ఊపిరితిత్తుల వల్లే గాని, తెలివి తరిగి కాదు. జేన్ గీసుకున్న బొమ్మలు ఎవరికి పనికొస్తాయని ఆనాడు ఎవరు అనుకున్నారు? మనలోనూ రేడియోలు విప్పేవారు, తపాలా బిళ్లలు దాచేవారు, పాత లెక్కలు నోటికి అప్పజెప్పేవారు ఉన్నారు. "ఈ వయసులో ఇవెందుకు" అని అటకెక్కించవద్దని మనవి. పదవీ విరమణ చేసిన తొలి ఆరు నెలలూ నేనూ గోడ వైపు తిరిగి పడుకున్నవాడినే. ఇప్పుడు సాయంత్రాలు మా మనవడికి పులిజూదం నేర్పుతున్నాను. నిన్న మేకలతో వాడే గెలిచాడు.