పాతపత్రికలో దొరకిన పూర్వికులు

అమెరికాదేశమున జార్జియా రాష్ట్రమందలి అల్ఫారెట్టా 1858 మొదలు మిల్టన్ కౌంటీకి ముఖ్యపట్టణముగా నుండెను. 1860 నాటి జనాభా లెక్కలలో అచ్చటి బానిసలను యజమాని పేరుక్రింద వ్రాసిరి. వారి వయస్సు, లింగము, వర్ణమే గాని పేరు సామాన్యముగా వ్రాయలేదు. ముత్తాతను వెదకు మనుమనికి ఆ పట్టీ మూగది.

1865లో బానిసత్వము రద్దయ్యెను. 1879లో న్యూ ఆర్లియన్సు నగరపు మెథడిస్టు పత్రికయగు సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్ "తప్పిపోయిన ఆప్తులు" అను శీర్షిక నారంభించెను. జార్జియా మొదలగు దక్షిణ రాష్ట్రములలో అమ్మబడి చెదరిపోయిన తల్లులును బిడ్డలును తమవారి పేళ్లను, యజమానుల పేళ్లను, కడపట చూచిన చోటును వ్రాసి పంపిరి. వాటిని ఆరాధనలో చదువుడని పత్రిక సంఘకాపరులను వేడెను. లెక్కలు దాచిన పేళ్లు నేడు వారి సంతతివారికి ఆ ప్రకటనలలో దొరకుచున్నవి.

కావున తోటలలో పాటుపడు తలిదండ్రులారా, మీ తాతల పేళ్లను, వారు విడిచివచ్చిన ఊరిని నేడే బిడ్డలచేత వ్రాయించుడి.