అభిలంబ బలము – ఆసంజన బలము

స్పర్శతలము కలిగించు అభిలంబ బలము వస్తువును వెలుపలికి నెట్టగలదే కాని లాగజాలదు. అయినను తలములు ఒండొంటిని పట్టుకొనుటయు కలదు. 1724లో డెసాగ్యులియర్స్ రెండు సీసపు గుండ్లను కొంత కోసి, ఆ ముఖములను మెలిద్రిప్పి అదుమగా, అవి అంటుకొని బరువును మోసినవి. 1882 నాటి హెర్ట్జ్ స్పర్శ సిద్ధాంతము ఈ ఆకర్షణను లెక్కింపలేదు. 1971లో జాన్సన్, కెండాల్, రాబర్ట్స్ అనువారలు దానిని చేర్చి, పైనుండి నొక్కు బలము లేకున్నను స్పర్శవైశాల్యము మిగులునని రబ్బరు గోళములతో చూపిరి.

కావున పైకప్పునకు జిగురుతో అంటిన చెక్కముక్క యొక్క స్వేచ్ఛా వస్తు పటమున భారము క్రిందికి, ఆసంజన బలము పైకి గీయవలెను. అభిలంబ బలమున్నచో అదియు క్రిందికే. నిశ్చలస్థితిలో క్రిందికి గల బలముల మొత్తము ఆసంజన బలమునకు సమానము. ఈ బాణములను వేరుపరుపని విద్యార్థి చెక్క యేల పడకున్నదో చెప్పజాలడు.