ఊళ్ళో ఒక్క ఆటా ఆడకుండా గెలిచిన కప్పు

మన సంఘ సభ్యులలో క్రికెట్ గురించి మాట్లాడమంటే ముందుకొచ్చే వారికి కొదవ లేదు. ఫుట్‌బాల్ అనేసరికి మాత్రం డెబ్బయ్యో పడి దాటిన నలుగురైదుగురే మిగులుతారు. ఆ నలుగురైదుగురి కోసం, వారి మనుమల కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు పాత సంగతి చెప్పుకోవాలి, లేకపోతే కొత్త సంగతి విలువ తెలియదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు వృత్తిరీత్యా ఉపాధ్యాయులైన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే రహీం గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు. జకార్తా జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాదు అమ్ముగూడ మనిషి. ఆయన 2023లో పోయినప్పుడు ఎంతమందికి ఆ పేరు గుర్తుకొచ్చిందో మరి!

ఆ తరువాత చాలాకాలం దేశంలోని పెద్ద లీగుల్లో మన ఊరి పేరు గట్టిగా వినబడలేదు. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే క్లబ్బు పుట్టింది. పుణె క్లబ్బు మూతపడగా ఖాళీ అయిన స్థానంలో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. మొదటి సీజనులో పట్టికలో అట్టడుగున నిలిచింది. మా మనుమడు ఆ జట్టు పసుపు చొక్కా కొనిపించుకున్నప్పుడు నేను నవ్వాను కూడా.

2020లో మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ దేశస్థుడు కోచ్‌గా వచ్చాడు. పెద్ద పేర్ల వెంట పడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రవాళ్ళను నమ్ముకున్నాడు. వారికి తోడు ముందువరుసలో బార్తొలోమ్యూ ఒగ్‌బెచే అనే నైజీరియా ఆటగాడు. 2002 ప్రపంచ కప్పులో ఆడినవాడు, 2021-22 సీజను నాటికి వయసు 37. ఫుట్‌బాల్ లెక్కలో అది పదవీ విరమణ దాటి ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నట్టే. అయినా ఆ ఏడాది 18 గోళ్ళు కొట్టి అందరికన్నా ముందు నిలిచాడు. నాకు ఆ జట్టు మీద అభిమానం కలగడానికి సగం కారణం ఆ పెద్దమనిషే!

కరోనా భయంతో ఆ సీజను మొత్తం గోవాలోనే జరిపారు. 11 జట్లు, ఒక్కొక్కటి 20 ఆటలు, అన్నీ ఖాళీ స్టేడియాల్లోనే. మన జట్టు మొదటి ఆటలో చెన్నై చేతిలో 0-1తో ఓడింది. వెంటనే అంతకు ముందటి ఏడాది విజేత ముంబయిని 3-1తో కొట్టింది. ఒడిశా మీద 6-1, ఈస్ట్ బెంగాల్ మీద 4-0. ఆ రెండో ఆటలో ఒగ్‌బెచే ఒక్కడే మూడు గోళ్ళు. లీగు ముగిసేసరికి 38 పాయింట్లతో రెండో స్థానం. 43 పాయింట్లతో జంషెడ్‌పూరు మొదటిది. సెమీస్‌లో మోహన్ బగాన్‌ను రెండు ఆటలు కలిపి 3-2తో దాటారు.

ఫైనల్ 2022 మార్చి 20న ఫతోర్డాలో. ఆ ఒక్క ఆటకు ప్రేక్షకులను రానిచ్చారు. వచ్చినవారిలో ఎక్కువమంది కేరళ బ్లాస్టర్స్ అభిమానులే. స్టేడియమంతా వారి కేకలే. 68వ నిమిషంలో కేరళ రాహుల్ గోలు కొట్టాడు. ఇక అయిపోయిందని మా ఇంట్లో టీవీ కట్టేయబోతుంటే మనుమడు రిమోట్ ఇవ్వలేదు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి ఒక్క తన్ను తన్నాడు, 1-1. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీలలో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. నిజానికి నాలుగు అనాలి, ఎందుకంటే నిషు కుమార్ తన్నినదాన్ని ఆపితే రిఫరీ మళ్ళీ తన్నమన్నాడు, అదీ ఆపాడు. చివరికి హాలీచరణ్ నర్జారీ కొట్టిన దానితో 3-1. కేరళకు అది ఓడిన మూడో ఫైనల్. వారిని చూస్తే జాలి వేసింది.

ఆ సీజనులో హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క ఆట కూడా ఆడలేదు. మన పేరుతో కప్పు వచ్చింది గాని, ఒక్క గోలునైనా ఊళ్ళో జనం కళ్ళారా చూడలేదు. జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చింది ఆ తరువాతి సీజనులోనే. అప్పుడూ రెండో స్థానం దక్కించుకుంది.

ఆ పైన జరిగింది మనలాంటి జీతగాళ్ళకు బాగా అర్థమయ్యే సంగతి. మార్కెజ్ గోవాకు వెళ్ళిపోయాడు. జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే క్లబ్బు విడిచారు. బకాయిల కారణంగా కొత్తవారిని తీసుకోకుండా నిషేధం పడింది. 2023-24లో 22 ఆటలకు ఒక్క గెలుపు, 8 పాయింట్లు, మళ్ళీ అట్టడుగు స్థానం. జీతం రాని నెలల్లోనూ మిగిలిన కుర్రాళ్ళు మైదానంలోకి దిగి ఆడారు. వారి పేర్లు ఏ కప్పు మీదా లేవు. కప్పు గెలిచినవారి కన్నా నేను వారినే ఎక్కువ మెచ్చుకుంటాను.

తరువాత యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. మనుమడు ఇప్పుడు ఎత్తు పెరిగాడు, పసుపు చొక్కా పట్టడం లేదు.

ఫతే మైదానంలో సిటీ పోలీసు జట్టు ఆట చూసిన సభ్యులు ఎవరైనా ఉంటే, తమ జ్ఞాపకాలు, ఆనాటి ఫోటోలు ఉంటే అవి కూడా, సంఘ కార్యాలయానికి పంపగోరుతాను. ఫోటోలు భద్రంగా తిరిగి ఇచ్చే పూచీ నాది.