వేణ్ణీళ్లలో కరిగే ఫిక్చర్

మిల్లింగ్ మెషీన్ మీది వైస్ అడిగేది ఒక్కటే: జాబ్‌కు, అంటే కోయాల్సిన ముక్కకు, ఎదురెదురుగా రెండు సమాంతర ముఖాలుండాలి. గుండ్రటి కడ్డీకైతే వి-బ్లాక్ ఉంది. పెద్ద దిమ్మనైతే టేబుల్‌కున్న టి-స్లాట్లలో బోల్టులు దించి క్లాంపులతో నొక్కిపట్టవచ్చు. మెలితిరిగిన రెక్కో, పల్చటి గొట్టమో వస్తేనే చిక్కు. వదులుగా పడితే కట్టర్ దాన్ని లాగేసుకుంటుంది. గట్టిగా బిగిస్తే జాబ్ వంగుతుంది. అలా వంగినదాన్ని ఎంత చదునుగా కోసినా, వైస్ విప్పగానే వంకర బయటపడుతుంది. చిన్న మెషీన్ అయితే టేబుల్ మీద చోటే ఉండదు, ఎక్కడ క్లాంపు పెట్టినా కట్టర్‌కు అడ్డం.

ఆయుధాల ఫ్యాక్టరీలకు ఈ బాధ తక్కువ. 1820లలో అమెరికాలోని హార్పర్స్ ఫెర్రీలో జాన్ హాల్ తుపాకీ భాగాల కోసం ప్రత్యేకంగా ఫిక్చర్లు, అంటే ఆ ఒక్క ఆకారానికే సరిపోయే పట్లు, చేయించాడు. ప్రతి భాగాన్నీ ఒకే ఆధార బిందువు నుంచి కూర్చోబెట్టే పద్ధతి ఆయనది. అవే భాగాలు వేలకొద్దీ చేస్తారు కనుక ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఒక్క పీసు కోసం ఎవరు చేయిస్తారు?

బిగించడం మానేసి అంటించడం పాత ఉపాయమే. మన కంసాలులు నగిషీ చెక్కాలన్నా రాళ్లు పొదగాలన్నా, కర్ర కొసనున్న లక్కను వేడిచేసి నగను అందులో కూర్చోబెడతారు. యూరప్ గడియారాల పనివాళ్లూ చిన్న చిన్న చక్రాలను షెల్లాక్‌తోనే లేత్‌కు అంటించేవారు. ఆ షెల్లాక్ కూడా లక్క పురుగు ఇచ్చిందే. కానీ లక్క పెళుసు. మిల్లింగ్ కట్టర్ పన్ను తర్వాత పన్నుగా కొట్టే దెబ్బలకు అది రాలిపోతుంది.

దెబ్బకు నిలిచి, పనయ్యాక లక్కలా సులువుగా ఊడివచ్చేదేదో కావాలి. అలాంటిది రసాయన శాస్త్రజ్ఞుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. బిస్మత్ 271 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సీసం 327 దగ్గర, తగరం 232 దగ్గర కరుగుతాయి. 8, 5, 3 పాళ్లలో మూడింటినీ కలిపితే మాత్రం ఆ ముద్ద నీరు మరగకముందే కరిగిపోతుంది. దీనికి న్యూటన్ లోహమని పేరు. 18వ శతాబ్దంలో జర్మనీలో వాలెంటిన్ రోజ్, ఫ్రాన్స్‌లో జాన్ దార్సే ఇలాంటి మిశ్రమాలతోనే పేరు తెచ్చుకున్నారు. దార్సే లోహాన్ని కరిగించి పిప్పిపళ్ల గుంటల్లో పోసేవారట! మరిగే నీళ్లంత వేడిని నోట్లో పోయించుకున్నవారి ఓర్పుకు దండం పెట్టాల్సిందే. 1860లో ఈ మిశ్రమంలో కాడ్మియం కూడా కలిపి, కరిగే వేడిని 70 డిగ్రీలకు దించిన బార్నబస్ వుడ్ స్వయంగా పళ్ల డాక్టరే. ఈ లోహంతో చేసిన చెంచా వేడి టీలో పెడితే కరిగిపోతుంది. చాలాకాలం అది అతిథులను ఆటపట్టించే వస్తువు.

వర్క్‌షాపుకు నచ్చింది మరో గుణం. మామూలు లోహాలు గడ్డకడితే కుంచించుకుపోతాయి, పోత అచ్చు నుంచి విడిపోతుంది. బిస్మత్ నీళ్లలాగే గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. వుడ్ లోహంలో సగం అదే కాబట్టి, పోసిన గంటలోపు ఈ పోత దాదాపు అర శాతం పెరిగి జాబ్‌ను అన్ని వైపులా హత్తుకుంటుంది. పెరూలో సెర్రో డి పాస్కో గనులు నడిపిన కంపెనీ దీన్నే సెర్రోబెండ్ పేరుతో అమ్మింది. గొట్టంలో నింపి వంచితే గొట్టం నొక్కుకుపోదు.

పని తీరు ఇది. జాబ్‌కు పల్చగా నూనె రాసి, చదరపు ఇనుప పెట్టెలో సరైన భంగిమలో నిలబెట్టాలి. వేణ్ణీళ్ల గిన్నెలో కరిగించిన లోహాన్ని చుట్టూ పోయాలి. చల్లారాక వంకరటింకర జాబ్ కాస్తా ఆరు చదునైన ముఖాల దిమ్మ అవుతుంది. వైస్‌కు ఇంకేం కావాలి? కోత పూర్తయ్యాక మళ్లీ వేణ్ణీళ్లలో వేస్తే చాలు, లోహం జారి అడుగున చేరుతుంది, తర్వాతి జాబ్‌కు పనికొస్తుంది. కాకపోతే కోత తేలిగ్గా ఉండాలి. ఆబగా లోతు దించి పొడిగా కోస్తే, కట్టర్ వేడికే పట్టు మెత్తబడుతుంది.

జెట్ ఇంజన్ టర్బైన్ బ్లేడ్లను ఇలాగే పట్టారు. మెలితిరిగిన బ్లేడును ఆరు బిందువుల మీద ఆనించి, చుట్టూ లోహం పోసి, దాని మొదలును కోసేవారు. కానీ శుభ్రం చేశాక కూడా అణుమాత్రం బిస్మత్, సీసం మిగిలితే, ఇంజన్ వేడిలో అవి నికెల్ మిశ్రమంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తాయి. అందుకే ఆ రంగం వేరే పట్లు వెతుక్కుంది. కళ్లద్దాల ల్యాబుల్లో ఇంకో రకం నిలదొక్కుకుంది. ఇండియం కలిపిన, 47 డిగ్రీలకే కరిగే మిశ్రమంతో లెన్సును దిమ్మకు అతికించి వెనుక వైపు అరగదీస్తారు. ప్లాస్టిక్ లెన్సు ఆ వేడికి చెడదు.

చిన్న మెషీన్ ఉన్నవారికి 58 డిగ్రీలకు కరిగే రకం మేలు. అందులో కాడ్మియం లేదు, సీసం మాత్రం ఉంది, ఇండియం వల్ల ఖరీదూ ఎక్కువే. కాడ్మియం రకమే దొరికితే నేరుగా మంట మీద పెట్టకూడదు, వేణ్ణీళ్లలో మాత్రమే కరిగించాలి. కోసినప్పుడు రాలిన పొట్టును ఊదకుండా తడిగుడ్డతో ఎత్తాలి. కరిగించిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు.